బరంపురం, రాయగడ వైపు కొత్తగా వచ్చారా? నెట్‌బాల్ ఇలా మొదలుపెట్టండి

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని గంజాం జిల్లాలో కాపురం పెట్టిన కుటుంబానికి మొదటి నెలంతా అద్దె ఇల్లు, గ్యాస్ కనెక్షన్, స్కూల్ అడ్మిషన్ల టెన్షన్‌తోనే గడిచిపోతుంది. ఆటల సంగతి ఎవరికీ గుర్తు రాదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం ఎక్కడికి వెళ్లినా తెలుగు వినపడుతూనే ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకు కూరగాయల బజారులోనే సగం బెంగ తీరిపోతుంది. పిల్లలకు అలా కాదు. క్లాసులో ఒడియా, హిందీ. పాత స్నేహితులేమో విజయనగరంలోనో కరీంనగర్‌లోనో ఉండిపోయారు.

అలాంటి పిల్లలకు నేను ముందుగా చెప్పే ఆట నెట్‌బాల్. బంతి చేతికొస్తే మూడు సెకన్లలో వదిలెయ్యాలి. పట్టుకుని పరిగెత్తకూడదు, నేలకేసి కొట్టుకుంటూ పోకూడదు. ఎంత గొప్పగా ఆడే పిల్లయినా పక్కవాళ్లకి ఇవ్వక తప్పదు. క్రికెట్‌లో కొత్తగా చేరినవాణ్ణి బౌండరీ దగ్గర నిలబెట్టి మర్చిపోతారు. నెట్‌బాల్‌లో అలా మర్చిపోతే జట్టుకే నష్టం.

ఇది మన స్కూళ్లలో మధ్యన నెట్ కట్టి ఆడే త్రోబాల్ కాదు. 1890ల్లో ఇంగ్లండ్‌లో అమ్మాయిల కాలేజీల్లో బాస్కెట్‌బాల్‌ని మార్చుకుంటూ మార్చుకుంటూ తయారైన ఆట. జట్టుకి ఏడుగురు. పోల్‌కి రింగ్ ఉంటుంది కానీ వెనక బోర్డు ఉండదు, కాబట్టి బోర్డుకి కొట్టి లోపల వేసే పప్పులు ఇక్కడ ఉడకవు. చాలా దేశాల్లో దీన్ని ఆడవాళ్ల ఆటగానే చూస్తారు. మన దేశంలో మగపిల్లలూ బాగానే ఆడతారు. మీ అబ్బాయి అడిగితే వద్దనకండి.

ఎవరిని అడగాలి

మొదట అడగాల్సింది స్కూల్ పీఈటీని. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 అని వయసు విభాగాలుంటాయి, పిల్లలు ఏ రాష్ట్రంలో చదువుతుంటే ఆ రాష్ట్రం తరఫునే ఆడతారు. అంటే ఈ ఏడాది రాయగడలో చేరిన అమ్మాయి ఆడేది ఒడిశా తరఫున. కొందరు తల్లిదండ్రులకి ఇది మింగుడు పడదు, "మా ఊరి తరఫున ఆడించలేమా" అని అడుగుతారు. పిల్లలకైతే ఆ బాధ లేదు, జెర్సీ వస్తే చాలు.

స్కూల్లో నెట్‌బాల్ లేదంటే జిల్లా క్రీడాధికారి ఆఫీసుకి వెళ్లండి. ఫోన్ చేసి ఊరుకోవద్దు, మనిషిని కలవండి. ఏ ఆటలు ఏ మైదానంలో ఎన్నింటికి జరుగుతాయో అక్కడ తెలుస్తుంది. తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో కూడా అడగొచ్చు, కానీ అక్కడితో ఆగిపోకండి. తెలుగువాళ్లంతా కలిసి ఒక జట్టు కట్టుకుంటే ఆదివారం సరదాగా గడిచిపోతుంది. పిల్ల మాత్రం మూడేళ్లయినా ఒడియాలో నాలుగు ముక్కలు మాట్లాడదు. స్థానిక పిల్లలు ఆడే చోటికే పంపండి.

కోర్టు లేదని ఎవరైనా అంటే నమ్మేయకండి. బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటే నెట్‌బాల్ కోర్టు ఉన్నట్టే. బాస్కెట్‌బాల్‌ది 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. నెట్‌బాల్‌ది 30.5 మీటర్లు, 15.25 మీటర్లు. రింగ్ ఎత్తు రెండింటికీ ఒకటే, 3.05 మీటర్లు, అంటే పదడుగులు. బాస్కెట్‌బాల్ రింగ్ కొంచెం పెద్దది, దాని వెనక బోర్డు ఉంటుంది, అంతే తేడా. ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లు, కేంద్రీయ విద్యాలయాలు, కాలేజీల్లో ముందు వెతకండి.

ఖాళీ స్థలం ఉంటే కోర్టు మీరే గీసుకోవచ్చు

ఈ ఆట కొలతలు మొదట అడుగుల్లోనే పుట్టాయి కాబట్టి మన మేస్త్రీలకి చెప్పడం సుఖం. వంద అడుగుల పొడవు, యాభై అడుగుల వెడల్పు. మూల సరిగ్గా వచ్చిందో లేదో 3-4-5 పద్ధతిలో చూడాలి: ఒక గీత మీద 30 అడుగులు, రెండో గీత మీద 40 అడుగులు కొలిచి, ఆ రెండు చివర్ల మధ్య తాడు పట్టుకుంటే సరిగ్గా 50 రావాలి. రాకపోతే గీత పక్కకి పోయినట్టు. పొడవుని మూడు సమాన భాగాలు చేస్తూ అడ్డంగా రెండు గీతలు గీయండి. తర్వాత గోల్ గీత నడిమధ్యన మేకు కొట్టి, 16 అడుగుల తాడు కట్టి, రెండో చివర సున్నం పొట్లం పట్టుకుని అరచుట్టు తిరగాలి. ఇదే గోల్ సర్కిల్, రెండు చివర్లా గీయాలి. తాడు వదులు కాకుండా చూసుకోవాలి. ఈ పని పిల్లలకే ఇవ్వండి, ముగ్గు పెట్టే ఇంటి పిల్లలకు చెయ్యి తిన్నగా వస్తుంది. మధ్యలో మూడడుగుల వ్యాసంతో చిన్న గుండ్రం గీస్తే కోర్టు సిద్ధం.

పోల్ వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. నేల పైన రింగ్ పదడుగుల ఎత్తులో వచ్చేంత ఇనప పైపు, పైన 15 అంగుళాల వ్యాసం వచ్చేలా వంచిన రాడ్డు. ఆ రింగ్ పైపుని అంటుకుని ఉండకూడదు, ఆరంగుళాలు ముందుకి రావాలి. వెల్డింగ్ అతను దాన్ని పైపుకే అతికించేస్తాడు, దగ్గరుండి చెప్పండి. నేలలో పాతే వీలుంటే పాతండి, కానీ జూన్ మధ్యలో వచ్చే రజ పండుగ రోజుల్లో ఆ పని పెట్టుకోకండి. ఆ రోజుల్లో ఒడియా వాళ్లు నేల తవ్వరు, దున్నరు. అద్దె స్థలమైతే పాత లారీ టైర్లో కాంక్రీటు పోసి పైపు నిలబెట్టడం మేలు.

బంతి సంగతి ఇంకా తేలిక. షాపులో నెట్‌బాల్ అంటే వాలీబాల్ చేతిలో పెడతారు, అది తేలిక బంతి, పనికిరాదు. పెద్ద బాస్కెట్‌బాల్ మరీ బరువు, చిన్నపిల్లల వేళ్లు బెణుకుతాయి. నెట్‌బాల్ బరువు 400 నుంచి 450 గ్రాములు, చుట్టుకొలత 69 నుంచి 71 సెంటీమీటర్లు. 5వ సైజు ఫుట్‌బాల్ దాదాపు ఇంతే ఉంటుంది. కాబట్టి ఇంట్లో ఉన్న పాత ఫుట్‌బాల్‌తోనే మొదలుపెట్టండి. పిల్లలు నెల రోజులు మానకుండా వెళ్లాక అసలు బంతి కొనొచ్చు. పదేళ్లలోపు వాళ్లకి 4వ సైజు సరిపోతుంది. ఆస్ట్రేలియాలో చిన్నపిల్లలకి పోల్ కూడా ఎనిమిది అడుగులకి దించి ఆడిస్తారు. ఆ దేశం ప్రపంచకప్ 12 సార్లు గెలిచింది, వాళ్లని చూసి నేర్చుకుంటే తప్పేం లేదు.

ఆటలో మొదట తికమక పెట్టేవి

ఏడుగురి ఛాతీ మీదా వాళ్ల స్థానం చెప్పే అక్షరాలుంటాయి. గోల్ షూటర్, గోల్ అటాక్, వింగ్ అటాక్, సెంటర్, వింగ్ డిఫెన్స్, గోల్ డిఫెన్స్, గోల్ కీపర్. ఎవరి హద్దు వాళ్లది. వింగ్ అటాక్ సొంత గోల్ వైపు ఉన్న చివరి భాగంలోకి వస్తే విజిల్ పడుతుంది. సెంటర్ కోర్టంతా తిరగొచ్చు, రెండు గోల్ సర్కిళ్లలోకి మాత్రం వెళ్లకూడదు. గోల్ వేసే హక్కు గోల్ షూటర్‌కి, గోల్ అటాక్‌కి మాత్రమే, అదీ సర్కిల్ లోపల నుంచే. బంతి ఒక భాగం మీదుగా ఎవరి చేతికీ తగలకుండా అవతలికి పోకూడదు. ఒడ్డు నుంచి ఒడ్డుకి విసిరేయడం కుదరదన్నమాట.

ఇవన్నీ మొదటిరోజే బట్టీ పట్టించకండి. ముందు కాలి సంగతి నేర్పాలి. అమ్మాయి పరిగెడుతూ గాల్లో బంతి అందుకుంది, కుడికాలు ముందు నేలకి తగిలింది అనుకోండి. ఇక ఆ కుడికాలే ఆమెకి మేకు. ఎడమకాలు ఎటైనా వేసుకుని తిరగొచ్చు. కుడికాలు ఎత్తొచ్చు కూడా, కానీ అది మళ్లీ నేలకి తగిలేలోపే బంతి చెయ్యి దాటాలి. బాస్కెట్‌బాల్ ఆడొచ్చిన పిల్లలు ఇక్కడే దొరికిపోతారు, అలవాటుగా ఒక అడుగు ఎక్కువ వేసేస్తారు. మేడ మీద గోడ ముందు నిలబెట్టి బంతి విసిరించి, పట్టినప్పుడల్లా "ఏ కాలు?" అని అడగండి. వారం రోజుల్లో కుదురుతుంది.

అడ్డుకునేవాళ్లకీ ఒక కొలత ఉంది: బంతి పట్టుకున్నవాళ్ల కాలికి కనీసం మూడడుగుల దూరంలో, అంటే గజం దూరంలో నిలబడి చేతులు చాచాలి. మీద పడకూడదు, తొయ్యకూడదు. కబడ్డీ ఆడిన పిల్లలకి ఇది చాలా కష్టం!

పొడుగ్గా ఉందని పదేళ్ల పిల్లని గోల్ కీపర్‌గా కట్టిపడేసే కోచ్‌లుంటారు. నాకది నచ్చదు. కనీసం మొదటి ఏడాది అన్ని స్థానాల్లోనూ తిప్పమని అడగండి. ఎత్తు ఉపయోగపడదని కాదు. శ్రీలంక షూటర్ తర్జిని శివలింగం ఎత్తు రెండు మీటర్లు దాటుతుంది. జాఫ్నా తమిళ అమ్మాయి. ఆమె ఆట వీడియోలు ఒకటి రెండు పిల్లలకి చూపించండి, బంతి పైకి అందించడమంటే ఏమిటో నేను చెప్పేకంటే బాగా అర్థమవుతుంది.

పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు

పిల్లని దింపడానికి వచ్చి గట్టు మీద కూర్చునే అమ్మలే నెల తిరిగేసరికి లోపలికి వస్తారు. రండి, కానీ కాస్త చూసుకుని. అసలు మ్యాచ్ పదిహేను నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. కొత్తవాళ్లు ఎనిమిదేసి నిమిషాలతో మొదలుపెడితే చాలు. పద్నాలుగు మంది రాని రోజు ఐదుగురి చొప్పున ఆడొచ్చు. ఫాస్ట్‌ఫైవ్ అనే అంతర్జాతీయ పద్ధతే ఉంది, ఆరేసి నిమిషాల నాలుగు భాగాలు. ఇంగ్లండ్‌లో పెద్ద వయసు ఆడవాళ్లు నడుస్తూ ఆడే నెట్‌బాల్ కూడా ఉంది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని కూడా ఆ పద్ధతిలో దింపొచ్చు.

ఈ ఆటలో దెబ్బలు ఎక్కువగా తగిలేది చీలమండకి, మోకాలికి. పరుగులోంచి ఒక్కసారిగా ఆగడం, ఎగిరి ఒంటికాలి మీద దిగడం వల్ల. దిగేటప్పుడు మోకాలు వంచి దిగాలి, వీలైనప్పుడల్లా రెండు కాళ్ల మీదా దిగాలి. మైదానానికి రాగానే బంతి పట్టకుండా పది నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తి, గెంతి, ఒళ్లు వేడెక్కించండి. వాకింగ్ షూలు పక్కకి కదిలేటప్పుడు పాదాన్ని పట్టి ఉంచవు, బ్యాడ్మింటన్ షూల్లాంటి కోర్టు షూలు కొనుక్కోండి. మోకాల్లో టప్‌మని శబ్దం వచ్చి వాచిందంటే నూనె రాసి తోమించకండి, అదే రోజు ఎముకల డాక్టర్‌కి చూపించండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది.

ఇక నగలు. నియమం ప్రకారం ఏ నగా ఉండకూడదు. పెళ్లి ఉంగరం, వైద్య సమాచారం ఉన్న బ్యాండ్ ఉంచుకోవచ్చు గానీ వాటి మీద టేపు వెయ్యాలి. గాజులు, ముక్కుపుడక, చెవిదిద్దులు ఇంట్లోనే తీసేసి రండి. మైదానంలో తీసి చీరకొంగులోనో పర్సులోనో పెడితే వెతుక్కోవడంతోనే సాయంత్రం అయిపోతుంది. మెట్టెలు షూలో నొక్కుకుని వేలు కోసుకుపోతుంది. మంగళసూత్రం దగ్గర మనవాళ్లు ఆగిపోతారు, అది అర్థం చేసుకోవాల్సిందే. అందుకే మొదటి రోజే మీ ఇంట్లో, కోచ్‌తో మాట్లాడుకోండి, మ్యాచ్ రోజు కోర్టు గట్టు మీద వాదన పెట్టుకోకండి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి, అంపైర్ చేతులు చూస్తారు. చున్నీ వద్దు. టీషర్టు, ట్రాక్ ప్యాంటు చాలు.

ఎండ, వాన, చీకటి

హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఒక విషయంలో ఆశ్చర్యపోతారు. ఇక్కడ సూర్యుడు త్వరగా వస్తాడు, త్వరగా పోతాడు. జూన్‌లో ఉదయం ఐదుంబావుకి తెల్లారిపోతుంది, డిసెంబర్‌లో సాయంత్రం ఐదున్నరకి బంతి కనపడదు. లైట్లు లేని మైదానమైతే చలికాలం సాయంత్రం ఆట దాదాపు లేనట్టే, ఉదయానికి మార్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో బరంపురం వైపు ఎండకి తోడు సముద్రపు ఉక్క. ఉదయం ఏడున్నర దాటాక పిల్లల్ని ఉంచొద్దు. రాయగడ, కోరాపుట్ కొండల వైపు జూలై, ఆగస్టుల్లో మట్టి మైదానం బురద గుంటే. అక్టోబర్ తుఫాన్ల నెల. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లాని కుదిపేసింది. హెచ్చరిక వచ్చిందంటే టైర్లో నిలబెట్టిన పోల్‌ని పడుకోబెట్టేయండి.

కోర్టులో పిల్లలకి అవసరమయ్యే ఒడియా మాటలు ఐదారు మించవు. "ఎఠి" అంటే ఇక్కడికి, "ధర" అంటే పట్టుకో, "ఫింగ" అంటే విసురు. తమకంటే పెద్ద అమ్మాయిల్ని "అపా" అని, పెద్దబ్బాయిల్ని "భాయి" అని పిలవమనండి. ఇద్దరు తెలుగు పిల్లలు ఒకే జట్టులో ఉంటే కోర్టులో తెలుగులో అరుచుకోవద్దని చెప్పాలి. మిగతా ఐదుగురికీ అర్థంకాక బంతి వీళ్లిద్దరి మధ్యే తిరుగుతుంది, రెండు వారాల్లో గొడవ మొదలవుతుంది.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మన దేశం మహిళల నెట్‌బాల్ జట్టుని దింపింది. అదే క్రీడల్లో బరంపురం కుర్రాడు రవికుమార్ వెయిట్‌లిఫ్టింగ్‌లో బంగారు పతకం తెచ్చాడు. ఈ ఊళ్లో అతని పేరెత్తితే చాలు, ఏ జిమ్ దగ్గరైనా మాటలు కలుస్తాయి.

కాగితాలు మాత్రం ముందే తీసిపెట్టుకోండి. పిల్లల జనన ధ్రువపత్రం, ఆధార్, స్కూల్ ఇచ్చే స్టడీ సర్టిఫికెట్, నాలుగు పాస్‌పోర్ట్ ఫొటోలు. పుట్టినతేదీ, పేరు స్పెల్లింగ్ మూడింట్లోనూ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. మన ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక ఉంటుంది, లేదంటే ఒక్క అక్షరమే ఉంటుంది. వయసు విభాగం తేల్చేటప్పుడు అది అనుమానానికి దారితీస్తుంది. సవరించుకోవాల్సి వస్తే సెలక్షన్ల వారంలో కాకుండా ఇప్పుడే మొదలుపెట్టండి, జనన ధ్రువపత్రం మార్పుకి పుట్టిన ఊరి ఆఫీసుకే వెళ్లాలి కాబట్టి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ పని కూడా పెట్టుకోండి.