తుపాకీ పాఠాలు – 4: తన్ను తట్టుకోలేని చేతికి ఏ తుపాకీ, ఏ తూటా?

పోయిన మూడు పాఠాల్లో లైసెన్సు, ట్రైనింగ్ సర్టిఫికెట్, ఇంట్లో తుపాకీ దాచే పద్ధతి చెప్పుకున్నాం. ఈసారి చాలామంది అడగడానికి సిగ్గుపడే విషయం. పేల్చగానే తుపాకీ వెనక్కి తన్నే తన్నుకు (రికాయిల్) మణికట్టు జివ్వుమంటుంది, రెండో తూటాకే కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయి, గురి ఎక్కడికో పోతుంది. అట్లాంటి చేతికి ఏ తుపాకీ పనికొస్తుంది?

ఇది మా అక్క దగ్గర నేర్చుకున్న పాఠం, అందుకే అక్కడినుంచే మొదలుపెడతా. బావ పోయాక తాడిపత్రి దగ్గర చీనీ తోటలో ఒంటరిగా ఉంటోంది, వయసు 58, రెండు మణికట్లకూ నొప్పులున్నాయి. లైసెన్సు వచ్చాక తుపాకీ కొనడానికి పోతే ఆ అంగట్లో మనిషి "ఆడవాళ్ళకు చిన్నది, తేలికైనదే బాగుంటుందమ్మా" అని అరచేతిలో ఇమిడిపోయే పాయింట్ 32 (గొట్టం లోపలి వెడల్పు సుమారు 0.32 అంగుళం) రివాల్వర్ ఇచ్చాడు. పక్కనే ఉండి నేను కూడా తలూపాను, ఆ తప్పు నాది కూడా. అనంతపురం నుంచి 210 కిలోమీటర్లు పోయి బెంగళూరులో ఒక షూటింగ్ రేంజ్‌లో కాల్పించాం. మూడు తూటాలు కాల్చింది. నాలుగోది కాల్చకుండానే తుపాకీ బల్ల మీద పెట్టేసి, "నాకొద్దు అబ్బీ, ఇది చేయి ఇరగ్గొడుతుంది" అంది. మూడింటిలో ఒక్కటీ కాగితానికి తగల్లేదు.

చేయి బలహీనమనుకుంది అక్క. చేతిలో లోపమేమీ లేదు, తుపాకీ ఎంపికే తప్పు.

బోరు మోటారు ఆన్ చేయగానే నీళ్ళు ముందుకు దూకేటప్పుడు ప్లాస్టిక్ పైపు కొస వెనక్కి ఎగిరి కొట్టుకుంటుంది కదా, తుపాకీ తన్ను కూడా అదే. గుండు (తూటాలోంచి దూసుకుపోయే ముందు భాగం) ఎంత బరువుతో, ఎంత వేగంతో ముందుకు పోతుందో అంత తోపుడు వెనక్కి వస్తుంది, దాంతో పాటు తుపాకీ మందు గ్యాసు తోపుడు కూడా కొంత కలుస్తుంది. ఈ తోపుడును మార్చాలంటే తూటా మార్చాలి. కానీ ఆ తోపుడు చేతికి ఎంత గట్టిగా తగులుతుందనేది తుపాకీ బరువు మీద ఉంటుంది. పలచటి తాడిపత్రి బండను అరచేతి మీద పెట్టుకుని పైన సుత్తితో కొట్టించుకోండి, వద్దులెండి, ఊహించుకుంటే చాలు. అదే దెబ్బ నాలుగంగుళాల మందం బండ మీద పడితే కింద చేతికి అంతగా తెలియదు. తుపాకీ ఇనుము ఆ బండలాంటిది.

లెక్క కూడా చూద్దాం, కష్టమేమీ కాదు. ఒకే తూటా కాల్చినప్పుడు తుపాకీ బరువు ఎన్ని రెట్లు పెరిగితే తన్ను శక్తి అన్ని రెట్లు తగ్గుతుంది. కాన్పూర్‌లో తయారయ్యే మామూలు పాయింట్ 32 రివాల్వర్ దాదాపు 700 గ్రాములు. 2014లో ఆడవాళ్ళ కోసమని వచ్చిన నిర్భీక్ దాదాపు 500 గ్రాములు. తూటా ఒకటే. 700ను 500తో భాగిస్తే 1.4, అంటే తేలికైన దానిలో తన్ను శక్తి 40 శాతం ఎక్కువ. హ్యాండ్‌బ్యాగులో మోయడానికి అది సుఖంగానే ఉంటుంది, ఆ సౌకర్యం అవసరమైనవాళ్ళూ ఉంటారు. కానీ కాల్చేటప్పుడు ఆ తేలికదనం చేతికి బరువే. పాయింట్ 22లో నిడర్ అనే చిన్న రివాల్వర్ ఉంది, 250 గ్రాములే. అదే పాయింట్ 22 తూటాను కిలో బరువున్న పోటీ పిస్టల్‌లో కాలిస్తే తన్ను శక్తి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది.

అందుకే ఈ పాఠంలో ఒక్క మాట మాత్రమే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి: నొప్పి పుట్టే చేతికి తేలిక తుపాకీ వద్దు. చాచిన చేతిలో వణకకుండా నిలిచేంతవరకు ఎంత బరువుంటే అంత మంచిది. బరువు మోయలేకపోతే? రెండు చేతులతో పట్టుకోండి, 700 గ్రాములు మోయలేని చేతులు తక్కువ.

ఇక తూటాలు. గుండు బరువును గ్రాముల్లో, వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని గుణించి చూడండి, ఆ అంకె ఎంత పెద్దదైతే తోపుడు అంత ఎక్కువ. పాయింట్ 22 లాంగ్ రైఫిల్ (పేరులో రైఫిల్ ఉన్నా పిస్టల్‌లోనూ వాడే తూటా) గుండు 2.6 గ్రాములు, పిస్టల్ నుంచి సుమారు 300 మీటర్ల వేగం, గుణిస్తే 780. పాయింట్ 32 పిస్టల్ తూటా, ఏసీపీ అంటారు, 4.6 గ్రాముల గుండు, సుమారు 275 మీటర్లు, 1,265. పాయింట్ 32 రివాల్వర్‌లో వాడే లాంగ్ తూటా 6.4 గ్రాములు, సుమారు 210 మీటర్లు, 1,340. పోల్చడానికి మాత్రమే చెప్తున్నా, పాయింట్ 38 స్పెషల్ 2,300 దాటుతుంది, 9 ఎంఎం 2,600 పైనే ఉంటుంది. 9 ఎంఎం మన దేశంలో ప్రొహిబిటెడ్ బోర్, మామూలు లైసెన్సు మీద రాదు, అందుకే విదేశీ వీడియోలు చూసి దాని గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు. మన ముందున్నది ఎక్కువగా పాయింట్ 22, పాయింట్ 32 అంతే. తన్ను తట్టుకోలేనివాళ్ళకు నిజానికి అది మంచిదే.

పాయింట్ 22 అంటే పిల్లల ఆట అని నవ్వేవాళ్ళు ఊర్లలో ఉంటారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్ వెండి పతకం తెచ్చిన 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పోటీ ఆడేది పాయింట్ 22తోనే. అందులో ఆఖరి దశలో 4 సెకన్లలో అయిదు లక్ష్యాల మీద అయిదు తూటాలు కాల్చాలి. తన్ను తక్కువ కాబట్టే తుపాకీ వెంటనే గురి మీదికి తిరిగి వస్తుంది, అది సాధ్యమవుతుంది. నేర్చుకునే చేతికి ఇంతకంటే మంచి గురువు లేదు. ఇంకా భయముంటే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టండి. పాయింట్ 177 బోరు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు, తన్ను దాదాపు ఉండదు, ట్రిగ్గర్ నొక్కే అలవాటు మాత్రం అసలైన తుపాకీకి సరిగ్గా పనికొస్తుంది. అక్కతో రెండు నెలలు నేను చేయించింది ఇదే.

పాయింట్ 32 అనే పేరుతో రెండు రకాల తూటాలున్నాయని ఇందాక చెప్పాను, పిస్టల్‌ది వేరు, రివాల్వర్‌ది వేరు. నంబరు ఒకటేనని ఒకదానిది ఇంకోదాంట్లో వేయొద్దు. పట్టినట్టు కనిపించినా వద్దు. తుపాకీ మీద ఏమి చెక్కి ఉందో అదే కొనండి.

పిస్టలా, రివాల్వరా అన్న ప్రశ్నకు నా దగ్గర ఒకే జవాబు లేదు, చేతిని బట్టి ఉంటుంది. పాయింట్ 32 పిస్టళ్ళలో చాలావాటికి పైన జరిగే స్లైడ్‌ను ఆపేది దాని బరువు, స్ప్రింగే, కాబట్టి ఆ స్ప్రింగ్ బిగువుగా ఉంటుంది. నొప్పి మణికట్టుతో దాన్ని వెనక్కి లాగడమే ఒక పరీక్ష. పైగా కాల్చేటప్పుడు మణికట్టు సడలితే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు, ఖాళీ కేసు (తూటా ఇత్తడి గొట్టం) ఇరుక్కుంటుంది. తన్నుకు భయపడేవాళ్ళ చేయి సడలడమే ఎక్కువ. రివాల్వర్‌కు ఈ బాధ లేదు, కానీ హ్యామర్ (వెనకుండే చిన్న సుత్తి) ఎత్తకుండా నేరుగా ట్రిగ్గర్ లాగితే అయిదు కిలోల చుట్టుపక్కల బలం కావాలి, ఆ లాగుడులోనే గురి చెదురుతుంది. హ్యామర్ ముందే బొటనవేలితో ఎత్తి కాలిస్తే అందులో సగం కూడా అక్కర్లేదు. కొనేముందు ఖాళీగా ఉందని మీరూ అంగట్లో మనిషీ ఇద్దరూ చూశాక, అతని అనుమతితో స్లైడ్ పదిసార్లు లాగి చూడండి, ట్రిగ్గర్ పదిసార్లు లాగి చూడండి. ఎనిమిదోసారికి చేయి వణికితే ఆ తుపాకీ మీది కాదు. పాయింట్ 22ను మాత్రం డమ్మీ (మందు లేని) తూటా లేకుండా ఖాళీగా నొక్కొద్దు, తూటాను పేల్చే పిన్ను నేరుగా చాంబర్ (తూటా కూర్చునే గది) అంచుకు కొట్టుకుని రెండూ దెబ్బతింటాయి.

పిడి గురించి ఎవరూ చెప్పరు, కానీ సగం నొప్పి అక్కడే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో పిడి వెనుక భాగం ఎంత వెడల్పుగా కూర్చుంటే తన్ను అంత పరుచుకుంటుంది. సన్నటి చెక్క పిడి గొడ్డలి అంచులా ఒకే చోట కొడుతుంది. వెడల్పాటి రబ్బరు పిడి వేయిస్తే అదే తుపాకీ వేరే తుపాకీలా ఉంటుంది. అయితే మరీ లావైతే చూపుడువేలు ట్రిగ్గర్‌కు అందదు, వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద పడాలి. మే నెలలో మన సీమలో చేయి చెమటతో జారుతుంది, అప్పుడు గరుకు రబ్బరు విలువ తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. చాలామంది భయపడేది తన్నుకు కాదు, చప్పుడుకు. హ్యాండ్‌గన్ చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది, 140 దాటితే ఒక్క చప్పుడుకే చెవి దెబ్బతినే ప్రమాదం ఉంది. పైకప్పున్న రేంజ్‌లో ఇంకా ఘోరం, పక్కవాడు కాల్చినా మన ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. అక్కకు మొదటిరోజు చెవుల్లో దూది మాత్రమే పెట్టారు, అది చాలదని నాకు అప్పుడు తట్టలేదు. రెండోసారి చెవిలో ఫోమ్ ప్లగ్, దాని మీద ఇయర్‌మఫ్, రెండూ పెట్టించాను. అదే అక్క, అదే మణికట్టు, "ఈసారి తూటాలు మెత్తటివి ఇచ్చినావా?" అని అడిగింది. తూటాలు అవే.

తూటా కొనేటప్పుడు పాయింట్ 22లో స్టాండర్డ్ వెలాసిటీ అని రాసినవి అడగండి, హై వెలాసిటీ వద్దు. మరీ మెల్లగా పోయేవి కొన్ని పిస్టళ్ళలో స్లైడ్‌ను పూర్తిగా నడపలేవు, అందుకే ఒక డబ్బా కాల్చి చూశాకే ఎక్కువ కొనండి. పాయింట్ 32 లాంగ్‌లో వాడ్‌కట్టర్ అని ముందు భాగం చదునుగా ఉండే తూటా ఉంది, పోటీల కోసం మెత్తగా చేస్తారు, కాగితానికి గుండ్రంగా తెంపినట్టు చిల్లు పెడుతుంది. దొరికితే సాధనకు అదే. మన దగ్గర మామూలుగా దొరికేది ఖడ్కీ ఫ్యాక్టరీ తూటా, కేసు అడుగున కేఎఫ్ అని అచ్చు ఉంటుంది. కొన్న తేదీ డబ్బా మీద రాసుకోండి, కారు డ్యాష్‌బోర్డులో వదలొద్దు, మన ఎండకు అందులో ఏదైనా ఉడుకుతుంది. ఇంట్లో మందు తగ్గించి నింపుకుంటే తన్ను తగ్గుతుంది కదా అని ఒకాయన అడిగాడు. లైసెన్సు లేకుండా తూటా తయారీ నేరం, దానికి మించి ప్రాణాంతకం.

తన్ను తగ్గాలని కోరుకునేవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన ప్రమాదం ఒకటుంది. వరసగా కాలుస్తుంటే ఒకసారి 'ఠాప్' బదులు 'పుస్' మని వచ్చి, తన్ను దాదాపు లేకుండా పోతే, హమ్మయ్య అనుకోవద్దు. మందు సరిగ్గా మండలేదు, గుండు బ్యారెల్ మధ్యలోనే ఆగిపోయి ఉండొచ్చు. దాని వెనుక ఇంకో తూటా కాలిస్తే బ్యారెల్ పగులుతుంది, వేళ్ళు పోతాయి. వెంటనే ఆపి, తుపాకీ మూతి లక్ష్యం వైపే ఉంచి, ట్రిగ్గర్ మీదినుంచి వేలు తీసి రేంజ్ ఆఫీసర్‌ను పిలవాలి. అసలు పేలకపోయినా అంతే, కనీసం 30 సెకన్లు మూతి అటే ఉంచి ఆగాలి, కొన్ని తూటాలు ఆలస్యంగా పేలుతాయి.

ఈ పాఠానికి అభ్యాసం రేంజ్‌లోనే, తోడు మనిషితోనే. తోడు మనిషి మీకు కనిపించకుండా రివాల్వర్‌లో మూడు నిజం తూటాలు, మూడు డమ్మీలు కలిపి నింపి, సిలిండర్ మూసి మీకివ్వాలి. ఏది ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఆరింటినీ నిజమనుకునే కాల్చండి. డమ్మీ వచ్చినప్పుడు మూతి కిందికి గుంజుకుందంటే, రాని తన్నును చేయి ముందే ఆపబోయిందన్నమాట. ఆ మూడు డమ్మీలకు ఎన్నిసార్లు మూతి కదిలిందో నోట్‌బుక్కులో రాయండి, ప్రక్కన ఏ తుపాకీ, ఏ తూటా, చెవులకు ఏం పెట్టుకున్నారు అన్నది కూడా. రోజుకు 30 తూటాలకు మించొద్దు, చేయి అలిసిపోయాక చేసే సాధన భయాన్నే నేర్పుతుంది.

అక్క నోట్‌బుక్కులో మొదటివారం మూడు డమ్మీలకు మూడుసార్లు అని ఉంది. ఆ చిన్న రివాల్వర్ పద్ధతి ప్రకారం మార్చి, 700 గ్రాముల దానికి రబ్బరు పిడి వేయించాక, ఆరోవారానికి ఒక్కటే. అదీ ఆ రోజు మొదటి డమ్మీకి. వచ్చే పాఠంలో పిడి పట్టుకునే తీరు, మోచేతులు, నిలబడే పద్ధతి. ఈలోగా మీ మొదటి ఆరు తూటాల లెక్క రాసి ఉంచుకోండి, అక్కడినుంచే మొదలుపెడదాం.