సినిమాను తూచడం – ఐదో పాఠం: తాలు వేరు, తేమ వేరు

గత పాఠంలో మూడు భాగాల కథలో నడిమి భాగాన్ని ఎలా చదవాలో చూశాం. ఈసారి కాంటా మీదికి వచ్చేది చివరి భాగం. చివరి భాగం తన కథ తాను చెప్పుకుంటూనే ముందు రెండు భాగాలు చేసిన అప్పులు కూడా తీర్చాలి గనుక, దాన్ని తూచడం మిగిలిన రెండింటికన్నా కష్టం. ఉదాహరణగా క్రిస్టఫర్ నోలన్ తీసిన బ్యాట్‌మ్యాన్ వరుసలోని మూడో సినిమా, 2012 జూలైలో విడుదలైన ‘ద డార్క్ నైట్ రైజెస్’ను తీసుకుంటున్నాను. దీనికి ముందు 2005లో ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’, 2008లో ‘ద డార్క్ నైట్’ వచ్చాయి. ముగింపుతో సహా అంతా విప్పి మాట్లాడుకోబోతున్నాం కాబట్టి, చూడనివారు మూడూ చూసి వచ్చి ఈ పాఠం చదవాలి.

మన నల్లగొండ జిల్లాలో తిప్పర్తి వైపో మిర్యాలగూడ వైపో వానాకాలం కోతలు అయ్యాక వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర ఒక పూట నిలబడితే, విమర్శకుడికి పనికొచ్చే విషయం ఒకటి కంటపడుతుంది. రాశిలో తాలు ఉంటే తూర్పారబడతారు; తాలు ఎగిరిపోతుంది, గింజ కాళ్ల దగ్గర పడుతుంది. తేమ అలా ఎగిరిపోయేది కాదు. అది గింజ లోపలే ఉంటుంది, పైగా కాంటా మీద లేని బరువు చూపిస్తుంది. అందుకే పిడికెడు గింజలు యంత్రంలో పోసి చూసి, 17 శాతం దాటితే మళ్లీ ఆరబోయమంటారు. (నలభై కిలోల బస్తా మీద తరుగు పేరుతో ఎంత కోత పడుతుందో నాకు స్వానుభవమే గానీ, ఆ కథ ఈ పాఠానికి సంబంధించింది కాదు.)

సినిమాలోని లోపాలను కూడా ఇలాగే రెండు కుప్పలుగా పోయాలి. అందుకు నేను వాడే పరీక్ష ఒక్కటే: రెండు నిమిషాల దృశ్యం ఒకటి అదనంగా చేరిస్తే ఈ లోపం పోతుందా? పోతే అది తాలు. అలా చేర్చినా పోకపోతే, పోగొట్టాలంటే కథనే మళ్లీ రాయవలసి వస్తే, అది తేమ.

స్టాక్ ఎక్స్ఛేంజ్ మీద దాడి పట్టపగలు జరుగుతుంది. దొంగల వెంట పడిన కాసేపటికే ఊరంతా చీకటి. వెన్ను దెబ్బతిని ఎక్కడో ఎడారి చెరలో పడిన బ్రూస్ వేన్ (ముసుగు వెనుక ఉన్న బ్యాట్‌మ్యాన్ ఇతనే), చేతిలో పైసా లేకుండా, వంతెనలు కూలి సైన్యం దారులు మూసిన గోథమ్ నగరంలోకి ఎలా వచ్చాడో ఎవరూ చెప్పరు. మా మేనల్లుడు రిమోట్‌తో సినిమాను ఆపి ఆపి ఈ రెండూ పట్టుకుని, “ఇది దండగ సినిమా మామయ్యా” అని తేల్చేశాడు. వాడి కన్ను మంచిదే, తీర్పు మాత్రం తొందరపాటుది. ఒక సూర్యాస్తమయం, ఒక ప్రయాణం చేర్చితే ఆ రెండు లోపాలూ మాయమవుతాయి, కథ ఇసుమంత కూడా కదలదు. తాలు.

తేమ ఎక్కడుందో చూడాలంటే ఈ సినిమా ప్రతినాయకుడు బేన్ దగ్గరికి వెళ్లాలి. రెండో సినిమా చివర ప్రభుత్వ న్యాయవాది హార్వీ డెంట్ నేరాలను దాచిపెట్టి అతన్ని మహాత్ముడిగా నిలబెట్టిన అబద్ధాన్ని, జైలు ముందు నిలబడి, పోలీసు అధికారి గోర్డన్ రాసుకున్న కాగితాల నుంచే చదివి బయటపెట్టేది ఇతనే. పాత అప్పు ఇంత నిక్కచ్చిగా తీరిన చోటు ఈ వరుసలో మరొకటి లేదు. ఆ వెంటనే అతడు నగరాన్ని ప్రజలకు అప్పగిస్తున్నానంటాడు. తర్వాత నెలల తరబడి మనకు కనిపించేది తుపాకులు పట్టిన అతని ముఠా, సంపన్నుల మీద విచారణలు, సొరంగాల్లో చిక్కుకున్న పోలీసులు. ప్రజలు ఏరీ? 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటపు కథలు ఇంట్లో విని పెరిగిన నల్లగొండ ప్రేక్షకుడు దొర గడీ కూలిన మరునాడు ఊరు ఎలా నడిచింది, వడ్లు ఎవరు పంచారు, రాత్రి కాపలా ఎవరున్నారు అని అడగకుండా ఉండలేడు. దర్శకుడు ఆ ప్రశ్నను తానే లేవనెత్తి, జవాబు జోలికి పోలేదు. ఒక దృశ్యం చేర్చినంత మాత్రాన ఇది తీరదు.

బ్రూస్ నమ్మిన మిరాండాయే అసలు కుట్రదారని చివర బయటపడే మలుపూ అలాంటిదే. మొదటిసారి చూసినప్పుడు అది బాగా బరువుగా తోస్తుంది. రెండోసారికి, రెండు గంటలపాటు అంత భయపెట్టిన బేన్ ఆమె వెనుక నడిచే కాపలాదారుగా మారి, దొంగ సెలీనా పేల్చిన ఒక్క దెబ్బకు పడిపోవడమే గుర్తుంటుంది. ఆరబోశాక తగ్గే బరువును తూకంలో వేయకూడదు.

ఇక గింజ. పాతాళంలాంటి ఆ చెర నుంచి పైకెక్కే దృశ్యాన్ని నిదానంగా చూడండి. (చెర వెలుపలి భాగాన్ని జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోట దగ్గర చిత్రీకరించారు.) బ్రూస్ నడుముకు తాడు కట్టుకుని ఎక్కి, దూకి, పడతాడు, తాడు అతన్ని గోడకేసి కొడుతుంది. మళ్లీ ప్రయత్నించి మళ్లీ పడతాడు. చూపులేని ముసలి ఖైదీ, చావు భయం లేకపోవడమే నీ బలహీనత, తాడు లేకుండా ఎక్కు అంటాడు. మూడోసారి తాడు లేదు. కింద ఖైదీల గొంతులు, దూకబోయే క్షణంలో గోడ సందులోంచి గుంపుగా ఎగిరిన గబ్బిలాలు. మొదటి సినిమా గుర్తు తెచ్చుకోండి: బావిలో పడి, గబ్బిలాలకు జడిసిన పిల్లవాడి కోసం తండ్రి తాడు పట్టుకునే దిగి వచ్చాడు. ఏడేళ్ల తర్వాత వచ్చిన ఈ సినిమాలో కొడుకు విప్పి పారేసింది ఆ తాడునే. ముసుగు లేదు, వాహనం లేదు, ఆయుధం లేదు. సూపర్‌హీరో సినిమాలో అన్నిటికన్నా బరువైన ఘట్టం హీరో వేషం లేని చోట ఉంది. పైకి చేరాక అతడు తాడును కిందికి, మిగిలిన ఖైదీల కోసం వదులుతాడు. నా లెక్కలో మలుపు వల్ల పోయిన బరువును ఈ ఒక్క ఘట్టమే చాలావరకు పూడుస్తుంది.

గత అభ్యాసం రాసినవారిలో చాలామంది రెండో సినిమా ప్రతినాయకుడు జోకర్ మూడో సినిమాలో లేకపోవడాన్ని లోపంగా చూపారు. ఆ పాత్ర వేసిన హీత్ లెడ్జర్ 2008 జనవరిలోనే మరణించాడు. బస్తాలో పోయని గింజను తూచలేం, ఉన్నదాన్నే తూచాలి.

తీర్పు రాసేటప్పుడు మంచిని ఒక పేరాలో, చెడును మరో పేరాలో పెట్టకండి. రెండూ ఒకే వాక్యంలో ఒకదాన్నొకటి ఒరుసుకోవాలి. “ప్రజల పేరు చెప్పి ప్రజలను చూపని ఈ సినిమా, ఒక్క మనిషి నూతిలోంచి బయటపడటాన్ని మాత్రం మూడు సినిమాల బరువుతో చూపింది” అన్నది నా వాక్యం. మీది వేరుగా ఉండాలి.

ఈ వారం అభ్యాసం: చెర దృశ్యాన్ని ఒకసారి శబ్దం తీసేసి చూసి, మరోసారి కళ్లు మూసుకుని విని, రెండింటిలో ఏది తెగితే దృశ్యం కూలిపోతుందో పది వాక్యాల్లో రాయండి. ఆ తర్వాత బ్రూస్‌ను పెంచిన ఆల్‌ఫ్రెడ్ ఇల్లు విడిచి వెళ్లే ఘట్టానికి రెండు నిమిషాల పరీక్ష పెట్టి, అది ఏ కుప్పలోకి వెళ్తుందో తేల్చండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.