"కోడ్ టూ లార్జ్" అని ఎర్రర్ వస్తాందా? తప్పు సింటాక్స్‌లో వెతకొద్దండి

మొన్న అనంతపురంలో మా చిన్నాయన కొడుకు ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ పట్టుకొచ్చినాడు, ఉమ్మడి జిల్లా 63 మండలాల రోజువారీ వాన లెక్క. ఏడాదికి 63 ఇంటూ 365, మొత్తం 22,995 అంకెలు, అన్నీ తెచ్చి జావాలో ఒకే అర్రేలో (అంకెల వరసలో) కామాలు పెట్టి అతికించినాడు. కంపైల్ కొడితే "కోడ్ టూ లార్జ్". రెండు రోజులు బ్రాకెట్లు, సెమికోలన్లు వెతుకుతా కూర్చున్నాడంట పాపం, అక్కడ తప్పే లేదు.

మనకు అది డేటా, జావా కంపైలర్‌కు మాత్రం అది కోడే. "ఫలానా చోట ఫలానా అంకె పెట్టు" అని ఒక్కో అంకెకు విడిగా ఇన్‌స్ట్రక్షన్లు రాస్తాది, దానికి సుమారు ఆరు నుంచి ఎనిమిది బైట్లు పడతాయి, ఇవన్నీ ఒకే మెథడ్‌లోకి (ప్రోగ్రామ్‌లో ఒక ముక్కలోకి) పోతాయి, ఒక మెథడ్‌కేమో 65,535 బైట్లు దాటకూడదు, అందుకే పది వేల అంకెలకు అటూ ఇటూగా నిండిపోతాది. మనోడి టేబుల్ దానికి రెండింతల పైనే ఉండాది.

తొందరగా పని కావాలంటే మండలానికొక మెథడ్ చేసి 365 అంకెలు చొప్పున పంచితే కంపైల్ అయితాది. కానీ నాకది నచ్చదు, ఇంకో రెండేళ్ల డేటా వస్తే మళ్లీ అదే గోల, పైగా పెద్ద అంకెలు, దశాంశాలు ఉంటే కాన్‌స్టంట్ పూల్ (క్లాస్‌లోని స్థిర విలువలు దాచే పట్టిక) నిండి "టూ మెనీ కాన్‌స్టంట్స్" అంటాది. అంకెలన్నీ సీఎస్‌వీ ఫైల్‌లో (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌లో) పెట్టి రిసోర్సెస్ ఫోల్డర్‌లో వేసి ప్రోగ్రామ్ మొదలైనప్పుడు చదివించండి, మావానికి అదే చేయించినా.

కొంతమంది తెలివిగా మొత్తం ఒకే స్ట్రింగ్‌లో పెట్టి కామా దగ్గర విడగొడతారు. అప్పుడు "కాన్‌స్టంట్ స్ట్రింగ్ టూ లాంగ్" వస్తాది, ఎందుకంటే స్ట్రింగ్‌కు కూడా 65,535 బైట్లే. మన తెలుగు అక్షరాలకైతే ఇంకా తొందరగా నిండుతాది: యూటీఎఫ్-8లో "క" ఒక్కటే మూడు బైట్లు, "కా" అంటే గుణింతం గుర్తుతో కలిపి ఆరు. మండలాల పేర్లు తెలుగులో పెట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

సీ ప్లస్ ప్లస్ వాళ్ల కథ వేరే. అక్కడ హద్దు అని చెప్పదు, లాప్‌టాప్ బిగుసుకుపోయి చివరికి "కిల్డ్" అని ఆగిపోతాది, అంటే చానాసార్లు ర్యామ్ అయిపోయి లినక్స్ కంపైలర్‌ను ఆపేసిందని. ముందు చూడాల్సింది ఆ టేబుల్ ఏ రకంలో ఉందో. వెక్టర్ ఆఫ్ స్ట్రింగ్, మ్యాప్ లాంటివైతే ఒక్కో ఎంట్రీని తయారుచేసే కోడ్ పుడతాది, ఆప్టిమైజర్ దాంతో కుస్తీ పడతాది. అంకెలైతే స్టాటిక్ కాన్స్ట్ పెట్టి మామూలు ఇంట్ అర్రేగా మార్చండి, చానా తేడా కనిపిస్తాది. హెడర్‌లో ఉంటే అది పెట్టుకున్న ప్రతి ఫైల్‌లోనూ మళ్లీ చదవాల్సి వస్తాది కాబట్టి స్టాటిక్ అనే మాట తీసేసి విడిగా ఒక సీపీపీ ఫైల్‌లోకి మార్చి హెడర్‌లో ఎక్స్‌టర్న్ డిక్లరేషన్ (టేబుల్ వేరే ఫైల్‌లో ఉందని చెప్పే లైన్) మాత్రం ఉంచండి, ఆ హెడర్‌ను సీపీపీ ఫైల్‌లో కూడా ఇంక్లూడ్ చేయండి. బొమ్మలు, ఫాంట్ల లాంటి బైనరీ ఫైళ్లు ప్రోగ్రామ్‌లోనే పొదగాలంటే సీ భాష సీ23 ప్రమాణంలో హాష్ ఎంబెడ్ (#embed) వచ్చింది, జీసీసీ 15, క్లాంగ్ 19 కంపైలర్లలో పనిచేస్తాది. ఇదే పనికి గో భాషలో 1.16 నుంచి ఎంబెడ్ ఉంది, రస్ట్ భాషలో ఇంక్లూడ్ బైట్స్.

ఫైల్‌కు మార్చినాక ఎన్ని అంకెలు చదివిందో ఒకసారి ప్రింట్ చేసి చూడండి. మావానికి 2023ది సరిగ్గా 22,995 వచ్చింది, 2024కు 23,058 రాంగానే తప్పేమో అని కంగారుపడి ఫోన్ చేసినాడు. అది లీప్ ఇయర్, మండలానికొకటి చొప్పున 63 ఎక్కువ.