అనంతపురం నుంచి థాయ్‌లాండ్‌కు ఇంగ్లీషు టీచరుగా వెళ్తుంటే

విమానానికి హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. 44వ జాతీయ రహదారి మీదే దేవనహళ్లి ఎయిర్‌పోర్టు తగులుతుంది, బెంగళూరు ఊళ్లోకి దిగే పనే లేదు.

అక్కడ టీచర్లు ఎక్కువగా దెబ్బతినేది రీ-ఎంట్రీ పర్మిట్ (బయటికి వెళ్లి మళ్లీ దేశంలోకి రావడానికి అనుమతి) దగ్గర. నాన్-ఇమ్మిగ్రెంట్ బీ వీసా (ఉద్యోగానికి వెళ్లేవాళ్లకిచ్చే వీసా) మీద గడువు పొడిగించుకున్నాక, దేశం దాటే ముందే ఆ పర్మిట్ చేతిలో ఉండాలి. ఒక్కసారికి 1,000 బాత్ (థాయ్ డబ్బు), ఎన్నిసార్లయినా వెళ్లిరావాలంటే 3,800. అది లేకుండా ఉగాదికి ఇంటికొచ్చేస్తే పొడిగింపు రద్దయిపోతుంది, మళ్లీ వీసా దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిందే. మరిచిపోతే బ్యాంకాక్‌లోని సువర్ణభూమి ఎయిర్‌పోర్టులోనూ ఇస్తారు, కానీ విమానం టైం దగ్గరపడ్డాక క్యూలో నిలబడటం ఎందుకు?

దేశంలోనే ఉంటే 90 రోజులకోసారి టీఎం 47 ఫారంతో ఇమ్మిగ్రేషన్ వాళ్లకు అడ్రసు తెలపాలి. గడువుకు 15 రోజుల ముందు నుంచి, దాటాక 7 రోజుల వరకు తీసుకుంటారు. ఆ తర్వాత వెళ్తే 2,000 బాత్ జరిమానా. మధ్యలో బయటికి వెళ్లొస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి.

బడులకు పెద్ద సెలవులు మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా. అంటే సరిగ్గా మన ఎండలకే ఇల్లు చేరతారు, తప్పదు. ఏప్రిల్ 13–15 సోంగ్‌క్రాన్, అంటే థాయ్ కొత్త సంవత్సరం పండగ. టికెట్లు ముందే కొనండి.

వంట సంగతి. అక్కడి జాస్మిన్ బియ్యానికి సోనామసూరి లెక్కన గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు పోస్తే ముద్దయిపోతుంది, గ్లాసుంపావు చాలు. సంగటికి రాగిపిండి ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. కూరగాయల వంటకంలోనూ చేపల సాస్ పడుతుంది. శాకాహారులు పసుపు జెండా మీద ఎర్రక్షరాలతో ‘జే’ అని ఉన్న కొట్లు చూసుకోవాలి. వాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.