వలసల గురించి నాయకుడు మాట్లాడేటప్పుడు ఎలా వినాలి

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేథా పట్టణంలో, పని ముగించుకుని ఒక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజినీర్ల మీద ఒక వ్యక్తి కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు, మరొకరు గాయపడ్డారు. మా దేశం వదిలి వెళ్లిపొండని అరిచి కాల్చిన ఆ మనిషి, తాను ఇరాన్‌వాళ్లను కాల్చానని తరువాత వేరొక ఊళ్లో చెప్పుకున్నాడు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి అమెరికాకు చదువు కోసమో, కువైట్‌కు పని కోసమో వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు. అందువల్ల వలసల మీద, ముస్లింల మీద నాయకులు ఏ దేశంలో ఏం మాట్లాడినా శ్రద్ధగా వినడం మనకు ఇంటి అవసరం. ఎలా వినాలో, విన్నాక ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

మొదట ప్రసంగం మొత్తం సంపాదించండి. వాట్సాప్‌లో వచ్చిన ముప్పై సెకన్ల ముక్కను చూసి తీర్పు చెప్పడం మాట్లాడినవారికీ అన్యాయమే, విన్నవారికీ అన్యాయమే. వలసల గురించిన ప్రతి వాక్యాన్నీ అన్నది అన్నట్టే కాగితం మీద రాసుకుని, పక్కనే తేదీ, ఊరు రాయండి. తరువాత ఒక్కో వాక్యాన్నీ ఒకే ప్రశ్నతో పరీక్షించండి: ఇందులో నుంచి మతాన్ని తీసేస్తే ఇంకేమైనా మిగులుతుందా? ‘వీసా గడువు తీరినవాళ్లను వెనక్కి పంపాలి’ అన్న వాక్యంలో మతం ప్రసక్తే లేదు; దానితో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు, అది విధానం. ‘వాళ్లు ఎక్కువైపోయారు, మన ఊళ్లు మనవి కాకుండా పోతున్నాయి’ అన్న వాక్యంలో ‘వాళ్లు’ అంటే ఒక మతంవాళ్లు; ఆ మాట తీసేస్తే ఏమీ మిగలదు. సరిహద్దును కట్టుదిట్టం చేయాలని కోరడం ద్వేషం కాదు. అలా కోరేవారందరినీ ద్వేషించేవారితో ఒకే గాటన కడితే, మనం చెప్పేది వినడానికి ఎవరూ మిగలరు.

ఈ పరీక్షకు అమెరికాలోనే మంచి ఉదాహరణ ఉంది. 2015 డిసెంబరులో డొనాల్డ్ ట్రంప్ ఎన్నికల ప్రచారంలో భాగంగా, ముస్లింలు అమెరికాలోకి రావడాన్ని పూర్తిగా ఆపేయాలని ప్రకటించారు. ఆ మాటలో మతం తప్ప వేరే కొలత లేదు. ఆయన అధ్యక్షుడయ్యాక 2017 జనవరి 27న ఇచ్చిన ఉత్తర్వు మాత్రం ఇరాన్, ఇరాక్, లిబియా, సోమాలియా, సూడాన్, సిరియా, యెమెన్ అనే ఏడు దేశాల గురించి, భద్రత గురించి మాట్లాడింది. ఆ ఉత్తర్వు రెండుసార్లు మారి, మూడో రూపంలో సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. 2018 జూన్ 26న అయిదుగురు న్యాయమూర్తులు దాన్ని సమర్థించగా నలుగురు వ్యతిరేకించారు. ఉత్తర్వు పాఠం మతం జోలికి పోలేదని, అధ్యక్షుడికి ఆ అధికారం ఉందని మెజారిటీ చెప్పింది. దాని వెనుక ఉన్న ప్రసంగాలను పక్కన పెట్టి పాఠాన్ని చదవడం కుదరదని జస్టిస్ సోనియా సోటోమేయర్ తన అసమ్మతి తీర్పులో వాదించారు. నాకు రెండో వాదనే న్యాయంగా తోస్తుంది. మీరు ఎటువైపు ఉన్నా, నాయకుడి ప్రసంగాన్నీ ప్రభుత్వ ఉత్తర్వునూ పక్కపక్కన పెట్టుకుని చదివే అలవాటు చేసుకోండి.

మన దేశపు చర్చకు వస్తే, ముందు మాటల అర్థాలు సరిచూసుకోవాలి. చెల్లుబాటయ్యే పత్రాలు లేకుండా వచ్చిన, లేదా అనుమతించిన గడువు దాటి ఉండిపోయిన విదేశీయుడే అక్రమ వలసదారు అని పౌరసత్వ చట్టం చెబుతుంది. 2019 సవరణ మూడు దేశాల నుంచి, అంటే పాకిస్థాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్థాన్‌ల నుంచి, 2014 డిసెంబరు 31లోగా వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులకు ఆ నిర్వచనం నుంచి మినహాయింపు ఇచ్చింది. దాని నియమాలు 2024 మార్చి 11న వెలువడ్డాయి. ఆ దేశాల్లో మతం పేరిట హింసకు గురైన అల్పసంఖ్యాకులకు ఆశ్రయం ఇవ్వడమే ఉద్దేశమని సమర్థించేవారు అంటారు. అలాగైతే పాకిస్థాన్‌లో వేధింపులకు గురయ్యే అహ్మదీయా శాఖ ముస్లింలను, మన పక్కనున్న తమిళనాడు శిబిరాల్లో ఏళ్ల తరబడి ఉన్న శ్రీలంక తమిళులను ఎందుకు వదిలేశారని వ్యతిరేకించేవారు అడుగుతారు. ఈ రెండూ చట్టం మీద జరిగే వాదనలే, రెండింటినీ ఓపికగా వినాలి. ‘చొరబాటుదారు’ అన్న మాటను వేదిక మీద నుంచి పలికి, పలమనేరులోనో పుంగనూరులోనో తరతరాలుగా ఉన్న ఉర్దూ కుటుంబాల వైపు జనం తల తిప్పేలా చేసినప్పుడు మాత్రం అది వాదన కాదు. ఆ కుటుంబాలు ఎక్కడి నుంచీ చొరబడలేదు.

అంకెలు వినబడితే ఏం లెక్కించారో అడగండి. అస్సాం జాతీయ పౌర పట్టిక తుది జాబితా 2019 ఆగస్టు 31న వచ్చినప్పుడు 19,06,657 మంది పేర్లు అందులో లేవు. అది తామో తమ పెద్దలో 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందే ఇక్కడ ఉన్నట్టు ఆధారాలు చూపలేకపోయినవారి లెక్క. వారిలో ఎవరు విదేశీయులో తేల్చవలసింది ట్రిబ్యునళ్లు. ఆ అంకెను ఒక మతం వారి లెక్కగా చెప్పే నాయకుడు, జాబితా చెప్పనిదాన్ని చెబుతున్నాడు.

ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు చట్టాల పేర్లతో మొదలుపెట్టకండి. ఒక పెళ్లిలో మా మామ వరసైన పెద్దాయన అలాంటి ప్రసంగం ఒకటి అందరికీ వినిపిస్తుంటే, ‘మామా, మన చిన్నోడు కువైట్‌లో ఉండాడు గదా, వాడి గురించి ఆడ ఎవురన్నా ఇట్లే మాట్లాడితే నీకెట్లుంటాది?’ అని మాత్రమే అడిగాను. ఆయన ఒప్పుకోలేదు గాని ఫోన్ జేబులో పెట్టుకున్నారు. నలుగురిలో పెద్దవారిని ఓడించాలని చూస్తే ఆ మాత్రం కూడా జరగదు.

మాట హద్దు దాటిందని నిశ్చయమైతే ఫిర్యాదు చేయండి. మతాల మధ్య శత్రుత్వం పెంచడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు శిక్ష ఉంది, ప్రార్థనా స్థలంలో చేస్తే అయిదేళ్ల వరకు. ఇలాంటి ప్రసంగాల మీద ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా, మాట్లాడినవారి మతం చూడకుండా కేసు పెట్టాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదు సారాంశాన్ని పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినందున సభ జరిగిన ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకోండి. అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. ఈ సెక్షన్ కింద కోర్టు విచారణకు స్వీకరించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి గనుక ఆలస్యానికి సిద్ధపడండి. వీడియో తీసిన ఫోన్‌ను, అసలు ఫైల్‌ను చెరపకుండా ఉంచండి.

మాట్లాడింది ఎన్నికల అభ్యర్థి అయితే ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కూడా ఉంది. మతం పేరిట ఓటు అడగడం, మతాల మధ్య ద్వేషం రేపడం దాని ప్రకారం అవినీతికర చర్యలు; రుజువైతే గెలిచినవారి ఎన్నిక రద్దవుతుంది. ఆ పిటిషన్‌ను ఓడిన అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గంలోని ఓటరు ఎవరైనా హైకోర్టులో వేయవచ్చు. ఫలితం ప్రకటించిన నాటి నుంచి 45 రోజుల్లోపు వేయాలి. గడువు దాటి వేస్తే కోర్టు కొట్టేస్తుంది. కాబట్టి న్యాయవాదిని కలవడం, ప్రసంగం పాఠం రాయించడం, సాక్షుల పేర్లు సేకరించడం ఓట్ల లెక్కింపుకు ముందే మొదలుపెట్టండి.