చందాదారుల వెబ్‌సైట్‌కు సీఎంఎస్‌ను ఎంచుకోవడం ఎలా?

రుసుము చెల్లించిన సభ్యులకు మాత్రమే వ్యాసాలో, పాఠాలో, వీడియోలో అందించే వెబ్‌సైట్ పెట్టాలనుకున్నవారిలో చాలామంది ముందుగా థీమ్‌లు (సైట్ రూపురేఖలు) చూస్తారు. థీమ్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. సభ్యుల ఖాతాలు, గడువు తేదీలు, నెలనెలా వారి కార్డుల నుంచి జమ అయ్యే చందాలు ఒక వ్యవస్థలో స్థిరపడ్డాక మాత్రం వాటిని మరోచోటికి తరలించడం ఎంతో కష్టం. కాబట్టి ఏ సీఎంఎస్‌నైనా (వెబ్‌సైట్‌లోని పాఠ్యాన్ని ప్రచురించి, నిర్వహించే సాఫ్ట్‌వేర్‌ను) అది సభ్యుల డబ్బును, ప్రవేశాన్ని ఎలా నిర్వహిస్తుందో చూసి ఎంచుకోవాలి.

ఎవరికి ఏది ఎప్పుడు తెరుచుకోవాలో ముందుగా కాగితం మీద రాసుకోండి. సభ్యత్వంలో ఎన్ని స్థాయిలు ఉంటాయి, చేరిన రోజు నుంచి వారానికొక పాఠం చొప్పున విడుదల కావాలా, ఏడాది మధ్యలో పై స్థాయికి మారినవారికి మిగిలిన రోజుల సొమ్మును ఎలా సర్దాలి, ఒక సంస్థ తన ఉద్యోగులందరి తరఫున ఒకేసారి చెల్లించవచ్చా అన్న ప్రశ్నలకు జవాబులు తేలితే మీరు పరిశీలిస్తున్న సీఎంఎస్‌ల జాబితాలోని సగం పేర్లు వాటంతట అవే తొలగిపోతాయి. చివరి ప్రశ్నను ప్రత్యేకంగా పట్టించుకోవాలి, ఎందుకంటే సామూహిక సభ్యత్వానికి చాలాచోట్ల విడిగా యాడ్-ఆన్ (అదనపు సాఫ్ట్‌వేర్) కొనవలసి వస్తుంది.

2003లో మొదలైన వర్డ్‌ప్రెస్‌లో చెల్లింపు సభ్యత్వం దానంతట అది ఉండదు. మెంబర్‌ప్రెస్, పెయిడ్ మెంబర్‌షిప్స్ ప్రో వంటి ప్లగిన్లతో (సదుపాయాలను చేర్చే అదనపు సాఫ్ట్‌వేర్లతో) దాన్ని చేర్చుకోవాలి. కోరిన ప్రతి సదుపాయానికీ ఏదో ఒక ప్లగిన్ దొరకడం దాని బలం. అవన్నీ ఒకదానితో ఒకటి పొసిగేలా చూసుకుంటూ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసే బాధ్యత యజమానిదే. 2013లో వచ్చిన ఘోస్ట్‌లో సభ్యత్వమూ, ఈమెయిల్ న్యూస్‌లెటరూ మూల వ్యవస్థలోనే కలిసి పనిచేస్తాయి, చందాలో అది వాటా తీసుకోదు. అయితే దానిలోని చెల్లింపుల ఏర్పాటు స్ట్రైప్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సేవ మీద ఆధారపడింది. మీ వ్యాపారానికి స్ట్రైప్ ఖాతా దొరకకపోతే ఘోస్ట్‌ను పక్కన పెట్టడమే మంచిది. డ్రూపల్, జూమ్లా అనే సీఎంఎస్‌లలో ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలన్న నియంత్రణ మూల వ్యవస్థలోనే బలంగా ఉంటుంది. డెవలపర్ అందుబాటులో లేనివారికి డ్రూపల్‌ను నేను సూచించను. ఏ నిర్వహణా అక్కర్లేని సబ్‌స్టాక్ వంటి వేదికలూ ఉన్నాయి, కానీ సబ్‌స్టాక్ చందా మొత్తంలో 10 శాతం తీసుకుంటుంది, కార్డు చెల్లింపుల రుసుము దానికి అదనం. సభ్యులు పెరిగేకొద్దీ ఈ వాటా ఎంతవుతుందో లెక్క వేసుకున్నాకే నిర్ణయించుకోండి.

పేర్లు రెండు మూడుకు కుదించుకున్నాక ప్రతి వ్యవస్థలోనూ పరీక్షించవలసిన మొదటి అంశం తాళం ఎక్కడ పడుతోందన్నది. కొన్ని ఏర్పాట్లు మొత్తం వ్యాసాన్ని బ్రౌజర్‌కు పంపేసి, దాని మీద జావాస్క్రిప్ట్‌తో తెర కప్పుతాయి; పేజీ సోర్సు (బ్రౌజర్‌కు వచ్చిన అసలు కోడ్) తెరిస్తే వ్యాసమంతా చదవవచ్చు. అనుమతి ఉందో లేదో సర్వర్ తేల్చిన తరువాతే పాఠ్యం బయలుదేరాలి. ఫైళ్ల సంగతి ఇంకా సున్నితమైనది. వర్డ్‌ప్రెస్‌లో అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్ చిరునామాను ఎవరైనా అడిగితే, మామూలు ఏర్పాటులో వెబ్ సర్వర్ ఆ ఫైలును నేరుగా ఇచ్చేస్తుంది; వర్డ్‌ప్రెస్ కోడ్ మధ్యలోకి రానే రాదు కాబట్టి సభ్యత్వ ప్లగిన్‌కు దాన్ని అడ్డుకునే అవకాశం ఉండదు. సభ్యుడిగా లాగిన్ అయి ఒక పీడీఎఫ్ లింకును కాపీ చేసుకుని, బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి అందులో అతికించి చూడండి. ఫైలు తెరుచుకుంటే ఆ ఏర్పాటు చాలదన్నమాట. కొద్దిసేపటికే గడువు ముగిసే లింకులను తయారుచేసే స్టోరేజీ గాని, ఫైళ్లకు విడిగా రక్షణ కల్పించే ప్లగిన్ గాని కావాలి. కొత్త వ్యాసాలను ఇతర యాప్‌లకు అందించే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లోనూ, సైట్‌లోని వెతుకులాట ఫలితాల్లోనూ, 2016 నాటి 4.7 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్‌లో భాగమైన రెస్ట్ ఏపీఐలోనూ (ఇతర ప్రోగ్రాములు సైట్ సమాచారాన్ని అడిగి తీసుకునే మార్గంలోనూ) సభ్యుల పాఠ్యం బయటపడుతోందేమో ఇదే పద్ధతిలో చూడాలి.

కాష్‌ను కూడా మరవకండి. వేగం కోసం పేజీ ప్రతిని దాచిపెట్టే కాష్, సభ్యుడి కోసం తయారైన పేజీని తరువాత వచ్చిన బయటివారికి చూపించవచ్చు. లాగిన్ అయినవారికి కాష్‌ను నిలిపివేసే వీలు మీ హోస్టింగ్‌లో ఉండాలి.

రెండో ముఖ్యాంశం రెన్యువల్. చందా కట్టలేకపోయిన ప్రతి సభ్యుడూ మానేయాలనుకున్నవాడు కాదు. చాలాసార్లు కార్డు గడువు ముగిసి ఉంటుంది, లేదా ఆ రోజు బ్యాంకు తిరస్కరించి ఉంటుంది. అలాంటప్పుడు వ్యవస్థ కొన్ని రోజుల వ్యవధిలో మళ్లీ ప్రయత్నిస్తుందా, సభ్యుడికి మర్యాదగా కబురు పంపుతుందా, ఈలోగా ప్రవేశాన్ని కొనసాగిస్తుందా అన్నవి తెలుసుకోవాలి. చెల్లింపు గేట్‌వే (కార్డుల నుంచి డబ్బు వసూలు చేసే సేవ) పంపే వెబ్‌హుక్ సందేశం, అంటే చెల్లింపు జరిగిందని సీఎంఎస్‌కు దానంతట అదే వచ్చే కబురు, ఒక్కటి అందకపోయినా, డబ్బు కట్టినవారికి తలుపు మూసుకుపోవచ్చు. అందువల్ల అందని సందేశాల చిట్టా చూపించి, వాటిని మళ్లీ తెప్పించుకునే వీలున్న వ్యవస్థకే నేను మొగ్గు చూపుతాను. కార్డు వివరాలను మీ సొంత సర్వర్‌లో దాచే ఏ ఏర్పాటునూ ఒప్పుకోవద్దు. అవి గేట్‌వే దగ్గరే ఉండాలి.

చివరిగా, ఆ వ్యవస్థను వదిలి వెళ్లవలసి వస్తే ఏమవుతుందో చేరకముందే అడగండి. పేర్లు, ఈమెయిళ్లు ఉన్న సీఎస్‌వీ ఫైలు (పట్టికగా తెరుచుకునే ఫైలు) దాదాపు అందరూ ఇస్తారు, కానీ అది సరిపోదు. ప్రతి సభ్యుడి స్థాయి, గడువు తేదీ, గేట్‌వేలో అతని కస్టమర్ ఐడీ కూడా రావాలి. గేట్‌వే ఖాతా మీ పేరు మీద ఉంటే కొత్త సీఎంఎస్‌కు మారినా చందాలు కొనసాగించే మార్గం ఉంటుంది. వేదిక పేరు మీద ఉంటే సభ్యులందరినీ మళ్లీ కార్డు వివరాలు ఇమ్మని అడగవలసి రావచ్చు, అలా అడిగినప్పుడు కొందరు తిరిగి రారు. ప్రయోగ గడువులోనే ఇద్దరు ముగ్గురు పరిచయస్తులను నిజమైన కార్డుతో, అతి తక్కువ మొత్తానికి చేర్పించి, ఒకరి చందాను రద్దు చేసి, మరొకరికి డబ్బు వాపసు ఇచ్చి, ఆ తరువాత జాబితాను ఎగుమతి చేసి ప్రతి గడినీ సరిచూసుకోండి.