మెట్ల వైరింగ్ బోర్డుతో తప్పులు పట్టడం నేర్పే పద్ధతి

ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో మెట్ల వైరింగ్ (కింద ఒకటి, పైన ఒకటి, రెండు స్విచ్‌లతో ఒకే బల్బును వెలిగించి ఆర్పే వైరింగ్) ప్రాక్టికల్ అందరూ చేస్తారు. బల్బు వెలగగానే మార్కులు వేసేస్తే మాత్రం పిల్లలకు వచ్చేది బొమ్మ చూసి వైర్లు కలపడమే. బయట పిలుపు వచ్చేదేమో వెలగని బల్బుకి. అందుకే ప్రాక్టికల్‌లో సగం సమయమైనా తప్పు వెతకడానికే ఉంచాలి.

ముందు డెమో. సప్లై లేని బోర్డు మీద మామూలు వేగంతో, మాట్లాడకుండా ఒకసారి చేసి చూపండి. రెండోసారి కారణాలు చెబుతూ నెమ్మదిగా. మూడోసారి విద్యార్థి చెబుతుంటే మీరు బిగించండి, తప్పు చెప్పినా అలాగే బిగించండి. ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో అక్కడ తెలిసిపోతుంది. టైం లేదని చాలామంది వదిలేసేది ఈ దశనే. ప్లయర్ వాళ్ళ చేతికి ఇవ్వాల్సింది దీని తర్వాతే.

ఇక బోర్డుల్లో మీరే తప్పులు పెట్టండి. అన్నిటికంటే బాగా నేర్పేది ఇది: రెండో, అంటే పై టూ-వే స్విచ్‌లో కామన్‌కి (మూడు టెర్మినళ్ళలో మిగతా రెండిటితో మార్చి మార్చి కలిసేదానికి) రావాల్సిన బల్బు వైరును పక్క టెర్మినల్‌కి, అక్కడుండే వైరును కామన్‌కి మార్చండి. పై స్విచ్ ఒక వైపున్నప్పుడు కింది స్విచ్‌తో బల్బు వెలుగుతుంది, ఆరుతుంది. రెండో వైపు వేస్తే కింద ఎన్నిసార్లు నొక్కినా వెలగదు. స్విచ్ పాడైందని వెంటనే మార్చేస్తారు, కొత్తదీ అలాగే చేస్తుంది. మల్టీమీటర్‌తో కామన్ ఏదో తేల్చుకున్నవాళ్ళకే గుట్టు తెలుస్తుంది. మరో తప్పు: ఇన్సులేషన్ తక్కువ ఒలిచి స్క్రూ కింద ప్లాస్టిక్ పడేలా బిగించడం. పైకి అంతా సరిగ్గానే కనిపిస్తుంది, కంటిన్యుటీ (కరెంటుకి తెగని దారి) మాత్రం రాదు, లేదా వైరు కదిపితే వచ్చిపోతుంటుంది.

20 మంది బ్యాచ్ అయితే 10 జతలు చెయ్యండి. జతలో చొరవ ఉన్నవాళ్ళు పని లాక్కుంటారు, రెండోవాళ్ళు చూస్తూ ఉండిపోతారు. దీనికి మందు ఒకటే: కాగితం పట్టుకున్నవాళ్ళు తర్వాతి పరీక్ష చెప్పాలి కానీ బోర్డు ముట్టకూడదు, మీటర్ పట్టుకున్నవాళ్ళు ఆ చెప్పిన పరీక్ష మాత్రమే చెయ్యాలి. ఒక్కో తప్పు దొరకగానే స్థానాలు మార్చాలి. కాగితంలో నాలుగు గడులు చాలు: లక్షణం, అనుమానం, పరీక్ష, ఫలితం. ప్రోబ్ పెట్టకముందే అనుమానం రాయించండి. రాయకపోతే బీప్ వచ్చేదాకా గుడ్డిగా తడుముతారు.

వెతుకుడంతా ప్లగ్ పీకేసి, బల్బు తీసేసి జరగాలి. బల్బు ఉంటే ఫిలమెంట్ గుండా దారి దొరికి రీడింగ్ తప్పుదోవ పట్టిస్తుంది. సప్లై ఇచ్చేది ఇన్‌స్ట్రక్టరే, అదీ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే బ్రేకర్) ఉన్న లైన్ నుంచే. ఫేజ్ వైరులో కాకుండా న్యూట్రల్‌లో స్విచ్ పెట్టిన బోర్డును మాత్రం పిల్లలకు ఇవ్వకండి. స్విచ్ ఆపి బల్బు ఆరినా హోల్డర్‌లో టెస్టర్ వెలుగుతుందని మీరే చూపించండి.

మార్కులు పరీక్షల వరుసకి వెయ్యండి. అనుమానం తప్పినా, దాన్ని తేల్చే పరీక్ష సరిగ్గా ఎంచుకుంటే మార్కు ఉండాలి. వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ బిగించి బల్బు వెలిగించినవాళ్ళకి ఉండకూడదు.